బావకి ఇస్తానన్న చెంప

ఏరు సినిమా హాల్లోకి వచ్చి, తెర వైపు నుంచి పదకొండో వరస దాకా కూర్చుని వెళ్ళిన ఏడాది అది. ఆ తర్వాత ఇంకో వరద కూడా వచ్చింది గానీ అది గడపలు తడిపి పోయింది. దాన్ని మా వీధిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పెళ్ళయినా పురుడయినా, హాల్లోకి నీళ్ళొచ్చిన ఏడాదికి ముందా తర్వాతా అనే అడుగుతారు. నేను చెప్పేది సరిగ్గా ఆ ఏడాదే జరిగింది.

మాది సీట్లు కుట్టే పని. సోఫాలు, బస్సు సీట్లు, క్షవరం షాపులో తిరిగే కుర్చీ, పళ్ళ డాక్టరు దగ్గర వెనక్కి వాలే కుర్చీ, మనిషి కూర్చునేది ఏదైనా సరే. మాది అంటే నాదీ మా బావదీ. బావ అంటే మా అక్క మొగుడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. కొలతలు తీసేదీ, గుడ్డ కత్తిరించేదీ, ఇంటివాళ్ళతో మాట్లాడేదీ ఆయన. స్పాంజి పరిచి, రెక్సిన్ లాగి, మేకులు కొట్టేది నేను.

మేకులు కొట్టేవాడికి మూడు చేతులు కావాలి. ఒక చెయ్యి గుడ్డ లాగి పట్టుకోడానికి, ఒకటి సుత్తికి, ఇంకోటి మేకు అందించడానికి. ఆ మూడో చెయ్యి మాకు నోరే. పన్నెండు చిన్న మేకులు కుడి దవడలో పోసుకుంటాం. నాలుకతో ఒక్కోదాన్నీ తల ముందుకొచ్చేలా తిప్పి పెదాల మధ్యకి తోస్తాం. నలభై మూడేళ్ళు అలాగే కొట్టాను. నోట్లో మేకులుండగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, గట్టిగా ఊపిరి పీల్చకూడదు. పనిలో చేరిన మొదటిరోజు నేర్పేది అదే. ఇంకోటి కూడా నేర్పుతారు. నోట్లోవి నేల మీద ఉమ్మకూడదు. దోసిట్లోకే తీసుకోవాలి. కింద పడ్డ మేకు ఎవరి పాదంలో దిగుతుందో ఎవరికీ తెలీదు. నాకు అసలే మాట తక్కువ. ఈ పనిలో పడ్డాక ఆ ఉన్న కాస్తా పోయింది. ఎడమ దవడ ఊరికే ఉంది కదా అని అందులో పొగాకు పెట్టుకునేవాణ్ణి.

"మా బామ్మర్దికి దేవుడు నోరిచ్చింది డబ్బాలా వాడుకోడానికండీ" అని బావ ఇంటింటా చెప్పేవాడు. "ఒక పక్క మేకులు, ఒక పక్క పొగాకు. మధ్యలో చోటుంటే అన్నం."

ఆయన నోరు అలాంటిది కాదు. విరిగిన కుర్చీ కూడా లేచి నిలబడేలా మాట్లాడేవాడు. ఒక కుర్చీకి గుడ్డ మార్చమని పిలిచిన ఇంట్లో ఆరు కుర్చీలకీ మార్పించుకుని గానీ బయటికి వచ్చేవాడు కాదు. వాళ్ళకి కూడా అదేదో తమకి ముందే తోచిన ఆలోచనలా ఉండేది.

వరద దిగిన నెలకి హాలు పని మాకొచ్చింది. పదకొండు వరసలు! బురద పట్టిన సీట్లన్నీ ఊడదీశాం. ఇనప చట్రాలు మాత్రం నేలకి బిగించి వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నడవడం కష్టమని చట్రాల మీద ఒక పొడుగు పలక పరిచాం. బావ దాని మీద నడుస్తూ కొలతలు తీసుకుంటున్నాడు. టేపు ఒక కొస హాలు ఆసామి చేతిలో పెట్టి, తను వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నోరు ఆగడం లేదు.

నేను తొమ్మిదో వరసలో కింద కూర్చుని మేకులు కొడుతున్నాను. తలెత్తి చూశాను. పలక చివర ఇంకో రెండడుగుల్లో ఉంది. ఆ చివరకి కింద చట్రం లేదు, గాల్లో ఉంది.

నోట్లో పన్నెండు మేకులు.

దోసిలి నోటి దగ్గర పెట్టాను. నలభై మూడేళ్ళ అలవాటు, చేతులు వాటంతట అవే వెళ్ళాయి. ఒక్కటి కూడా జారకుండా పన్నెండూ దోసిట్లోకి తీసుకున్నాను. "బావా" అని నేను అనేసరికి పలక రెండో కొస పైకి లేచింది. బావ కాళ్ళు చెరోపక్కా పడి, చట్రం కమ్మీ మీద గుర్రమెక్కినట్టు పడ్డాడు.

ఎముక విరగలేదు. అంతకంటే పెద్దదే జరిగింది. లోపల మూత్రం వచ్చే దారి చితికిపోయింది. ముందు చూపించిన ఆసుపత్రిలో బొడ్డు కింద చిన్న కన్నం పెట్టి పైపు వేశారు. పైపు చివర సంచి. "ఇంక ఇలాగే" అన్నారు.

అయిదు నెలలు ఇలాగే. సంచి చొక్కా కింద కనిపిస్తుందని బావ గడప దాటడం మానేశాడు. ఎవరైనా కొలతకి పిలిస్తే నన్ను పంపేవాడు. నేను వెళ్ళి, టేపు పెట్టి, కొలత కాయితం మీద రాసుకుని వచ్చేవాణ్ణి. ఒక కుర్చీకి పిలిస్తే ఒక్క కుర్చీ పనే వచ్చేది. అది కాదు నా బాధ. బావ ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అక్క వంటింట్లోంచి నన్ను పిలిచి అడిగేది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ ఇవాళ నీతో ఏమైనా అన్నాడా?"

"లేదక్కా."

"నువ్వైనా ఏదో ఒకటి అనకూడదురా?"

ఏమనను? పలక చివర నేను చూశానని అనాలి. చూసి కూడా ముందు మేకులే జాగ్రత్త చేశానని అనాలి. అది రోజూ గొంతు దాకా వచ్చేది. మేకులు లేని నోటితో కూడా అనలేకపోయాను.

ఆరో నెలలో పళ్ళ డాక్టరు కుర్చీకి రెక్సిన్ మార్చడానికి వెళ్ళినప్పుడు ఆయన బావ గురించి అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పాను. "పెద్దాసుపత్రిలో ఒక సర్జను ఉన్నాడు, ఆ దారి మళ్ళీ కుడతాడు, వెంటనే తీసుకెళ్ళు" అన్నాడు ఆయన. కుట్టడం అన్న మాట వినగానే నేను సుత్తి అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. అంత పరుగు అంతకు ముందు ఎప్పుడు తీశానో గుర్తు లేదు.

సర్జను సన్నటి మనిషి, చిన్నవాడు. గది ఇరుకు. బల్ల, మూడు కుర్చీలు. నా కింద కుర్చీకి స్పాంజి కుంగిపోయి పట్టీ తగులుతోంది. ఆయన బావ ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి వేలితో చూపించాడు.

"ఇక్కడ దారి మూసుకుపోయింది. దీన్ని తెరిచి, ఒక కొత్త పొర పెట్టి కుడతాం. అప్పుడు పైపు అక్కర్లేదు. మామూలుగా నిలబడి వెళ్ళొచ్చు."

బావ ఆరు నెలల తర్వాత తలెత్తి ఒక మనిషి మొహంలోకి చూశాడు. "కొత్త పొర ఎక్కణ్ణుంచి తెస్తారండీ? బజార్లో దొరుకుతుందా?"

సర్జను తన చెంప మీద వేలితో తట్టాడు. "ఇక్కణ్ణుంచి. నోటి లోపలి పొర."

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో భయమో తెలీలేదు. "అయ్యో, నోరెక్కడ, అదెక్కడ నాయనా!"

"నోటి పొర ఎప్పుడూ తడిలోనే ఉంటుందమ్మా. తడికి పాడవదు. మెత్తన, గట్టి కూడా. తీసిన చోట తొందరగా మానిపోతుంది. బయటికి మచ్చ కూడా కనిపించదు."

నేను కుర్చీ అంచుకి జరిగాను. ఇది మా పనే! సీటు ముందు వైపు చిరిగితే మేం కొత్త గుడ్డ తెచ్చి అతకం. ఎంత వెతికినా రంగు కలవదు. సీటు తిరగేసి, ఎవరికీ కనపడని అడుగు వైపు నుంచి అదే గుడ్డ ముక్క కోసి పైన వేస్తాం. అడుగున ఏదో పాత గుడ్డ వేస్తే సరిపోతుంది. ఈ చిన్నవాడు అదే చేస్తానంటున్నాడు, మనిషి ఒంటి మీద!

"ఏ వైపు పైకొస్తుంది?" అన్నాను.

అక్కా బావా ఇద్దరూ నా వైపు తిరిగారు. సర్జను కూడా తిరిగాడు, కానీ ఆయన కళ్ళు మెరిశాయి.

"తడి వైపు లోపలికి. దారిలోకి."

"సరిగ్గా కొలతకే కోస్తారా?"

"కాదు, కాస్త పెద్దదే. తర్వాత ముడుచుకుంటుంది."

"మేమూ రెండు వేళ్ళు ఎక్కువే కోస్తాం" అన్నాను. "కుట్టు దగ్గరగానా, దూరంగానా?"

"ఏం పని చేస్తారు మీరు?" అన్నాడు సర్జను. చెప్పాను. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, కాయితం మీద బొమ్మ గీసి, అంచు ఎక్కడ పట్టేది, దారం ఎటు లాగేది నాకు చూపించడం మొదలుపెట్టాడు. ఇద్దరం ఆ కాయితం మీద వంగిపోయాం. బావ పక్కనే ఉన్నాడన్న సంగతే మరిచిపోయాం.

"ఆగండాగండి" అన్నాడు బావ. "మీరిద్దరూ కలిసి నన్ను కుట్టేసేలా ఉన్నారు. నేను ఒప్పుకోలేదు."

"అదేంటి?" అంది అక్క.

"చెంప కోశాక మాటెలా వస్తుంది?"

"నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత మామూలే" అన్నాడు సర్జను.

"మామూలే అని మీరంటారు. రాకపోతే? కిందది ఎలాగూ పోయింది. పైది కూడా మీ చేతుల్లో పెట్టి నేనేం మిగుల్చుకోను? నా బతుకంతా ఈ నోట్లో ఉందండీ. వద్దు. పైపుతోనే పోతాను."

"పోయాక ఆ నోరెలాగూ మూతపడేదే, అది గుర్తుపెట్టుకోండి" అంది అక్క. ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా కింద సంచి సర్దుకున్నాడు. తలుపు వైపు అడుగేశాడు.

అంతే, మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడమే. నేను కూడా లేచాను.

"నాది తీసుకోండి" అన్నాను. "కుడి చెంప. మొత్తం కోసుకోండి. నాకు నోటితో పని లేదు."

ఎవరూ నమ్మలేదేమోనని, నోరు ఎంత తెరుచుకుంటుందో అంత తెరిచి సర్జను ముందు నిలబడ్డాను.

సర్జను నవ్వాడు. వెక్కిరింత కాదు, ఆయనకి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "పెద్దాయనా, అది కుదరదు. ఎవరి ఒంటిది వాళ్ళ ఒంటికే అతుకుతుంది. వేరేవాళ్ళది పెడితే ఊడిపోతుంది."

"ఒరేయ్ పిచ్చోడా" అన్నాడు బావ తలుపు దగ్గర నుంచే. "నీ చెంప పెడితే నాకు ఉచ్చలో పొగాకు వాసన వస్తుందిరా." ఆరు నెలల్లో ఆయన నా మీద వేసిన మొదటి వేళాకోళం అది. అక్క అక్కడే ఏడ్చేసింది.

నేను నోరు ముయ్యలేదు. పూర్తిగా కాదన్నాడో లేదో తేల్చుకోలేక అలాగే తెరిచి నిలబడ్డాను. సర్జను ముచ్చటపడి చిన్న టార్చి తీశాడు. "ఇంత ధైర్యంగా ఇస్తానంటున్న చెంప ఎలా ఉందో చూద్దాం."

కుడి వైపు చూశాడు. "ఈ గీతలేంటి?"

"ఏకులు" అన్నాను, నోరు తెరిచే.

"మేకులు" అని బావ విడమరిచి చెప్పాడు.

ఎడమ వైపు చెంప వేలితో లాగాడు. టార్చి వెలుగు ఒక చోట ఆగిపోయింది. ఆయన మొహంలో నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడ పొగాకు పెడతారా?"

తలూపాను.

"కారం తగిలితే మండుతోందా?"

ఊపాను. ఏడాదిగా మండుతోంది. మండితే నీళ్ళు తాగేవాణ్ణి.

"ఎర్రగా, తెల్లగా ఒక మచ్చుంది. గోరంత. దీన్ని నేను చూడకూడదు, పై అంతస్తులో నోటి డాక్టరమ్మ చూడాలి. ఇవాళే. ఇప్పుడే వెళ్ళండి."

"ముందు బావది" అన్నాను.

"ఆయనది ఆగుతుంది. ఇది ఆగదు."

"ముందు బావది" అన్నాను మళ్ళీ. నేను వచ్చింది అందుకు. నా నోటి సంగతి నాకెందుకు?

అప్పుడు బావ తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. వచ్చి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. పెళ్ళిలో నన్ను మొదటిసారి చూసినప్పటి నుంచి ఆయన నన్ను చాలా తిట్టాడు గానీ, ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు.

"ఒరేయ్ బామ్మర్దీ, బేరం విను. నువ్వు నీ చెంప చూపించుకో. కొయ్యాలంటే కోయించుకో. నువ్వు కోయించుకుని ఇంటికొచ్చిన మర్నాడు నా చెంప నేను ఇస్తాను. నువ్వు వెళ్ళకపోతే నేనూ ఇవ్వను. ఏమంటావు?"

ఆయన బేరానికి దిగితే గెలిచినవాణ్ణి నేను చూడలేదు. పై అంతస్తుకి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఎంత తొందరగా నాది అయితే బావది అంత తొందరగా అవుతుంది!

డాక్టరమ్మ మచ్చలోంచి బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకి పంపింది. పది రోజులకి మళ్ళీ పిలిచింది. అక్కా, బావా, నేనూ వెళ్ళాం. బావ సంచి పెట్టుకునే వచ్చాడు, బస్సెక్కి.

"కేన్సరే" అంది ఆమె. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కానీ వినండి. ఇప్పుడే మొదలైంది. లోతుకి దిగలేదు. చుట్టూ కాస్త మంచిది కూడా కలిపి కోసేస్తాం. మెడలో గడ్డలు తీసి చూస్తాం, అక్కడికి పాకి ఉంటుందని నాకనిపించడం లేదు. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే దవడ ఎముక కూడా తియ్యాల్సి వచ్చేది." ఆమె కాయితాల్లోంచి తలెత్తి నన్ను చూసింది. "నొప్పి లేకుండా ఇంత ముందుగా ఎవరూ రారు నా దగ్గరికి. మీకెవరు చెప్పారు రమ్మని?"

"చెంప ఇవ్వడానికి వచ్చాడమ్మా" అన్నాడు బావ. ఇంక ఆగలేదు. పలక దగ్గర నుంచి మొదలుపెట్టి, సర్జను టార్చి దాకా మొత్తం చెప్పాడు. ఎవరు ఎలా నవ్వారో, ఎవరు ఎలా ఏడ్చారో అభినయించి మరీ చెప్పాడు. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపులోంచి తొంగి చూశారు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి విన్నది. నాకు కేన్సరన్న మాట ఆ గదిలో ఏ మూలకి పోయిందో తెలీదు. నేను బావ నోటి వైపే చూస్తున్నాను. మాట్లాడుతున్నాడు! ఆగకుండా మాట్లాడుతున్నాడు!

ఆ రోజే పొగాకు డబ్బా ఆసుపత్రి మెట్ల పక్కన చెత్తబుట్టలో పడేశాను. మూత మాత్రం ఉంచుకున్నాను. ఇత్తడి మూత, మంచిది.

నా ఆపరేషను అయింది. మెడలోకి పాకలేదని కబురు వచ్చింది. అక్క వార్డులో అందరికీ అరటిపళ్ళు పంచింది. రెండు వారాలు నోరు తెరవొద్దన్నారు. ముక్కులోంచి గొట్టంతో పాలు పోశారు. "ఇంట్లో ఎవరికీ తేడా తెలీలేదండీ, వీడు ఎప్పుడూ ఇంతే" అని బావ పరామర్శకి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు.

ఇంటికొచ్చిన మర్నాడు నేను బావ మంచం దగ్గర నిలబడ్డాను. మాట ఇంకా పూర్తిగా రావడం లేదు. నా చెంప మీద వేలితో తట్టాను. తర్వాత ఆయన చెంప మీద తట్టాను.

"తెలుసురా" అన్నాడు బావ. "మర్నాడన్నానని తెల్లారకముందే రావాలా?"

ఆపరేషను రోజు పొద్దున బావని స్ట్రెచరు మీద పడుకోబెట్టి వరండాలో ఉంచారు. పైన నీలం దుప్పటి. అక్క మందుల చీటీ తీసుకుని వెళ్ళింది. ఇద్దరమే ఉన్నాం. ఆయన మొహం పాలిపోయి ఉంది. నాలుకతో చెంప లోపల తడుముకుంటున్నాడు, సెలవు పుచ్చుకుంటున్నట్టు. ఇప్పుడు కాకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలిసిపోయింది.

"బావా. నేను చూశాను."

"ఏంటి?"

"పలక చివర. నువ్వు పడకముందే చూశాను. నోట్లో మేకులున్నాయి. ముందు అవి దోసిట్లోకి తీసుకున్నాను. అందుకే ఆలస్యమైంది."

ఆయన కప్పు వైపు చూశాడు.

"ఒక్కటి కూడా కింద పడలేదా?" అన్నాడు.

"లేదు."

"పన్నెండూ?"

"పన్నెండూ."

"మరి నేను పడ్డ చోట ఒక్క మేకున్నా అదింకో ఆపరేషనయ్యేదిరా" అన్నాడు. ఆయన పొట్ట దుప్పటి కింద కదలడం మొదలుపెట్టింది. నవ్వుతున్నాడు. "ఒరేయ్, నేనా రోజు ఆసామితో మాట్లాడుతున్నానురా. నేను మాట్లాడేటప్పుడు నువ్వు అరిచినా, పిడుగు పడినా నాకు వినపడుతుందా? మీ అక్కనడుగు. దీన్ని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా? మేకులు చాలవా నీకు?"

స్ట్రెచరు తోసేవాళ్ళు వచ్చారు. తలుపు మూసుకునే దాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

చెంప వాచి బావ నాలుగు రోజులు మాట్లాడలేకపోయాడు. అయిదో రోజు ఆ నాలుగు రోజులదీ కలిపి మాట్లాడాడు. కింద కుట్టు మానడానికి లోపల ఒక గొట్టం మూడు వారాలు ఉంచారు. ఆ తర్వాత రంగు నీళ్ళు ఎక్కించి ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఆ గొట్టం తీసేశారు. పొట్ట మీది పైపుకి బిరడా బిగించారు. సర్జను బావ చేతికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చాడు.

"వెళ్ళండి. మీ అంతట మీరు రావాలి. వస్తే పైపు తీసేస్తా. రాకపోతే..." ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు.

బావ జగ్గు పట్టుకుని వార్డు చివర బాత్‌రూములోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. బావది కాక ఆ వార్డులో పద్నాలుగు మంచాలు. పద్నాలుగింటి మీదా పైపులూ సంచులూ ఉన్నవాళ్ళే. వాళ్ళలో సగం మందికి వచ్చేవారం ఇదే ఆపరేషను. ఒక్కొక్కళ్ళే సంచి చేత్తో పట్టుకుని లేచి వచ్చి బాత్‌రూము తలుపు ముందు నిలబడ్డారు. నర్సు వాళ్ళని వెళ్ళమనలేదు. తను కూడా నిలబడింది. అక్క కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

"ఏవండీ?" అంది చివరికి.

"ఏంటే? రావట్లేదు. నిలబడ్డాను, జగ్గు పట్టుకున్నాను, అన్నీ చేశాను. ఈ జగ్గు చూస్తే నాకు మజ్జిగ గుర్తొస్తోంది. ఇంకో గిన్నె ఉందా? అసలు బయట ఎంతమంది ఉన్నారు? గుసగుసలు వినిపిస్తున్నాయి. ఆ మూడో మంచం ఆయన కూడా ఉన్నాడా? అన్నా, వచ్చేవారం మీ వంతు, నేను చెప్తున్నా వినండి, చెంప దగ్గర మాత్రం..."

మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. సర్జను గడియారం చూసుకున్నాడు. అక్క ఏడుపు మొహంతో నా వైపు చూసింది.

నాకు తెలిసిన సంగతి ఈ లోకంలో ఒక్కటే ఉంది. జనాన్ని తప్పించుకుని ముందుకి వెళ్ళి, అరచేత్తో తలుపు మీద గట్టిగా కొట్టాను.

"బావా! నోరు ముయ్!"

లోపల ఠక్కున ఆగిపోయింది.

"ముయ్యి. ఊపిరి నెమ్మదిగా వదులు. నోట్లో పన్నెండు మేకులున్నాయనుకో. కదిలించకు."

పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరి మంచం దగ్గరో గ్లాసు కిందపెట్టిన చప్పుడు. నేను తలుపుకి చెవి ఆనించాను.

ముందు ఒక చుక్క. ప్లాస్టిక్ మీద టప్‌మంది. తర్వాత రెండు. ఆ తర్వాత ఆగింది. అప్పుడు మొదలైంది, సన్నగా, ఆగకుండా, జగ్గు అడుగున మోగుతూ, తర్వాత నిండేకొద్దీ చప్పుడు మారుతూ, ధార!

"వచ్చింది!" అన్నాడు మూడో మంచం ఆయన.

"వస్తోంది!" అంది నర్సు.

పద్నాలుగు మంది, సంచులు పైకెత్తి పట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. అక్క నేల మీద కూర్చుండిపోయింది. సర్జను తలుపు పక్కన నిలబడి పిడికిలి గాల్లో ఊపాడు, చిన్నపిల్లాడిలా. లోపల ధార ఆగలేదు. దాని మీదుగా బావ గొంతు లేచింది.

"ఒరేయ్ బామ్మర్దీ! నా చెంపరా! నా చెంప పనిచేస్తోందిరా!"

జగ్గు పట్టుకుని బయటికి వచ్చాడు. మూడొందల గీత దాటింది. దాన్ని వార్డులో ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్ళి చూపించాడు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. సర్జను ఆ సాయంత్రమే పైపు తీసేశాడు. పొట్ట మీద చిన్న పట్టీ, అంతే. బస్సులో ఇంటికి వస్తూ బావ కండక్టరు దగ్గర నుంచి వెనక సీటు దాకా అందరికీ ఆ కథే చెప్పాడు. మేం దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకి పోయాం.

మర్నాడు పొద్దున నేను హాలుకి వెళ్ళాను. ముందు ఏడు వరసలు ఇంకా ఖాళీ చట్రాలే. వెనక సీట్లతోనే ఆటలు నడుపుతున్నారు. పాడైపోయిన స్పీకరు ఒకటి మూల పడి ఉంటే అందులోంచి అయస్కాంతం ఊడదీశాను. దాన్ని పొగాకు డబ్బా ఇత్తడి మూత అడుగున అంటించి, దబ్బనంతో రెక్సిన్ పట్టీ కుట్టి, మూతని ఎడమ మణికట్టుకి కట్టుకున్నాను. అందులో పన్నెండు మేకులు పోశాను. చెయ్యి తిరగేశాను. ఒక్కటి కూడా పడలేదు.

బావ నా వెనకే వచ్చాడు. డాక్టరు నెల రోజులు ఇంట్లో ఉండమన్నా వినలేదు. "బరువులెత్తొద్దన్నాడు, టేపు బరువా?" అంటూ ఒక కొస ఆసామి చేతిలో పెట్టాడు. పలక ఈసారి నేల మీదే పరిచి ఉంది. దాని మీద కూడా వెనక్కి వెనక్కే నడుస్తూ, జగ్గు కథ మొదలుపెట్టాడు.

పలక చివర ఇంకో మూడడుగులుంది. నేను సుత్తి కిందపెట్టి లేచాను.

"బావా! ఆగు!"

హాలు ఖాళీగా ఉంది కదా, తెర దాకా వెళ్ళి మోగింది. బావ ఉలిక్కిపడి రెండు చేతులతో ముందు వైపు పట్టుకున్నాడు.

"చంపేశావు కదరా! నేల మీదున్న పలకకి అంత అరుపా?"

"చివర వచ్చింది" అన్నాను.

"ఇంక రోజూ ఇంతేనా?"

"ఇంతే" అని, మూతలోంచి ఒక మేకు తీసి, ఏడో వరస మొదటి సీటుకి కొట్టాను.